తేదీ చీటీ కింది పేరు

మందుల షాపుల మీద నాకో ఫిర్యాదు ఉంది. పది మాత్రల షీటులో నాలుగు చాలంటే కత్తెర తీసి నాలుగు కత్తిరించి ఇస్తారు. అంతవరకు బాగానే ఉంది. కానీ మందు పేరు, గడువు తేదీ అచ్చయిన కొస మాత్రం ఎప్పుడూ వాళ్ళ దగ్గరే ఉండిపోతుంది. మన చేతికి వచ్చేది నాలుగు తెల్ల మాత్రలు, వెనక ఇంత వెండి కాగితం. నెల తరవాత సొరుగు తీసి చూస్తే అది బీపీదో, కడుపునొప్పిదో, పోయినేడు పన్ను పీకించుకున్నప్పుడు మిగిలిందో తెలియదు. రిటైరయ్యాక నా చదువులో పెద్ద భాగం ఈ వెండి కాగితాల మీదే సాగుతోంది. ఒకసారి షాపతన్ని అడిగాను, పేరున్న ముక్క కూడా ఇవ్వరాదా అని. "పేరుతో ఏం పని సార్, పని చేస్తే చాలు కదా" అన్నాడు.

అతనితో వాదించలేదు. వాదించే అర్హత నాకు లేదు. ఎందుకు లేదో చెప్పడానికే ఇది రాస్తున్నాను. కొత్తగా లైబ్రరీ ఉద్యోగాల్లోకి వచ్చిన పిల్లలు చదివితే వాళ్ళకి ఉపయోగపడవచ్చు. పడకపోయినా నష్టం లేదు, మన ఉద్యోగంలో ఉపయోగపడనివి భద్రపరచడం కూడా ఒక భాగమే.

రెండువేల సంవత్సరం దాటి ఆరేడేళ్ళయిన రోజులు. సత్తెనపల్లికి, వినుకొండకి మధ్య ఒక ఊళ్ళో శాఖా గ్రంథాలయానికి నేను లైబ్రేరియన్ని. ఊరి పేరు చెప్పను. ఇప్పుడక్కడ ఉన్నతను మంచివాడు, అతనికెందుకు ఇబ్బంది. పొద్దున కొన్ని గంటలు, సాయంత్రం కొన్ని గంటలు తెరిచేవాళ్ళం. శుక్రవారం సెలవు. మధ్యాహ్నం పూట ప్రభుత్వం నాకు ఏ పనీ చెప్పలేదు, నేనూ అడగలేదు. సిబ్బంది ఇద్దరం: నేను, ఒక అటెండరు. ఆవిడకి నాకన్నా రెండేళ్ళు సర్వీసు ఎక్కువ, నాలుగు రెట్లు నోరు ఎక్కువ. పాఠకుల్లో సగం మంది పేపరు కోసం వచ్చేవాళ్ళు. పత్తి తీతల రోజుల్లో రేట్లు చూసుకుని వెళ్ళిపోయేవాళ్ళు. మిగతా సగం ఉద్యోగ పరీక్షలకు చదివే కుర్రాళ్ళు. వీళ్ళు పోగా ఒక పదిమంది నిజంగా పుస్తకాలు తీసుకెళ్ళేవాళ్ళు. వాళ్ళ కోసమే ఆ భవనం ఉందని నేను, వాళ్ళ వల్లే ఊడ్చే పని పెరుగుతోందని అటెండరు అనుకునేవాళ్ళం.

ఆ పదిమందికీ ఇష్టమైనవి రష్యా పుస్తకాలు. మీలో చాలామంది వాటిని చూసి ఉండరు. ఒకప్పుడు మాస్కోలో తెలుగులో అచ్చువేసి పంపేవాళ్ళు. గట్టి అట్ట, మందపాటి కాగితం, దారంతో కుట్టిన కుట్టు, చవక ధర. వానలో తడిసినా ఎండలో పెడితే మళ్ళీ పుస్తకమయ్యేవి. నవలైనా, బీజగణితమైనా, చదరంగమైనా, తేనెటీగల పెంపకమైనా మా పాఠకులకి అన్నీ "రష్యా పుస్తకాలే". నేను మాత్రం వాటిని నంబర్ల ప్రకారం వేరువేరు అరల్లో సర్దాను. వాళ్ళు మళ్ళీ అన్నిటినీ ఒక్కచోటికి తెచ్చి పెట్టేవాళ్ళు. ఈ యుద్ధం పాతికేళ్ళు నడిచింది.

ఆ పుస్తకాలతో ఒక్కటే ఇబ్బంది. తేదీ చీటీ, అంటే పుస్తకం ఎప్పటికి తిరిగి ఇవ్వాలో ముద్ర వేసే కాగితం, మామూలుగా అట్ట వెనక ఖాళీ కాగితం మీద అంటిస్తాం. వీటికి ఆ చోట రంగు కాగితం ఉండేది, దాని మీద జిగురు ఆగేది కాదు. నేను ఆలోచించి ఒక ఉపాయం కనిపెట్టాను. లోపలి పేరు పేజీ వెనక్కి తిప్పితే పేజీ అంతా ఖాళీ, మధ్యలో ఎక్కడో చిన్న అక్షరాల్లో ఒకటి రెండు లైన్లు. చీటీ సరిగ్గా అక్కడ సరిపోయేది. మైదా పిండిలో మైలుతుత్తం వేసి నేనే స్వయంగా జిగురు కాచేవాణ్ణి. పురుగు పట్టదు, ఊడదు. నా సర్వీసులో శాశ్వతంగా నిలిచిన పని ఏదైనా ఉందంటే ఆ అంటింపే.

అలాంటి రోజుల్లో గుంటూరులో ఒక కాలేజీలో కామర్స్ చెప్పే లెక్చరరు ఒకావిడ మా లైబ్రరీకి వచ్చింది. ముప్ఫై ఏళ్ళుంటాయి. రష్యా పుస్తకాల జాబితా కావాలంది. ఎందుకమ్మా అంటే, ఇంటర్నెట్‌లో తెలుగులో ఒక విజ్ఞాన సర్వస్వం తయారవుతోందని, తానూ అందులో రాస్తుంటానని చెప్పింది.

"ఎవరు రాయిస్తున్నారమ్మా?"

"ఎవరూ రాయించరు సార్. ఎవరైనా రాయొచ్చు. ఎవరైనా దిద్దొచ్చు."

"ఎవరైనా అంటే?"

"ఎవరైనా సార్. మీరైనా."

"జీతం?"

"ఉండదండీ."

మా శాఖ లాంటిదే, కాకపోతే భవనం లేదు అని అర్థం చేసుకున్నాను. వెళ్ళబోతూ ఆవిడ మా అరల వంక చూసి, "రష్యన్ సాహిత్యం మీద మనవాళ్ళు చాలా రాశారు సార్, కానీ ఎవరికి తోచిన చోట వాళ్ళు పడేశారు. వర్గాలుగా సర్దేవాళ్ళు లేరు. మీరు సర్దిపెడతారా?" అంది.

అంతకుముందు నన్ను అందరూ అడిగిన ప్రశ్న "పేపరొచ్చిందా" అన్నదొక్కటే. సర్దమని అడిగిన మొదటి మనిషి ఆవిడ. సరేనన్నాను. వెనకాముందూ చూడకుండా అన్నానని అటెండరు తరవాత చాలా రోజులు గుర్తు చేసింది. అప్పటికి మాత్రం ఆవిడ ఒక్క మాటే అంది: "మన పల్నాట్లో ఉన్న వర్గాలు చాలవనా సారూ, రష్యా వాళ్ళవి కూడా పెట్టుకున్నారు?"

బస్టాండు పక్కన ఒక నెట్ సెంటరు ఉండేది. ప్లైవుడ్డు గదులు, ఒక్కో గదికి ఒక కర్టెను. కర్టెన్ల వెనక ఊరి యువత ఎవరెవరితోనో కబుర్లాడుతుంటే, మధ్యాహ్నాలు నేనూ ఒక కర్టెను వెనక కూర్చునేవాణ్ణి. ఈ వయసులో ఈయనకి రోజూ రెండు గంటలు ఏం పని అని యజమానికి అనుమానం వచ్చి ఒకరోజు మెల్లగా వెనకనుంచి తొంగి చూశాడు. తెర మీద "పంతొమ్మిదో శతాబ్దపు రష్యన్ నాటకాలు" అని ఉంది. నిరాశగా వెళ్ళిపోయాడు.

ఆవిడ చెప్పింది నిజమే. ఒక నవల "రష్యా నగరాలు" అనే వర్గంలో ఉంది. ఒక వ్యోమగామి రచయితల్లో ఉన్నాడు, ఆత్మకథ రాశాడు కాబట్టి. ఒక దుంపల పులుసు ఏకంగా సాహిత్యంలో చేరింది, కథల్లో అందరూ అదే తాగుతారని ఎవరో రాశారు. నాకు ఉత్సాహం వచ్చింది. రెండు వేళ్ళతో టైపు చేస్తూ ముందు కొమ్మలు వేశాను: రష్యన్ నవలలు, కథలు, నాటకాలు, కవిత్వం, బాల సాహిత్యం, రచయితలు. రచయితలను శతాబ్దాల వారీగా విడగొట్టాను. ఉక్రెయిన్ వాళ్ళు, జార్జియా వాళ్ళు ఆ గుంపులో కలిసిపోతే బయటికి తీసి వాళ్ళకి వేరే గదులిచ్చాను. పులుసుని వంటకాల్లోకి పంపాను. రెండు నెలలకి అంతా ఒక రూపానికి వచ్చింది. నా అరలు మళ్ళీ కలపడానికి అక్కడ పాఠకులెవరూ లేరు, అది మరీ నచ్చింది.

ఒక్క విషయంలో మాత్రం లెక్చరరుకీ నాకూ తేడా వచ్చింది. ఫోన్లో అడిగింది: "సార్, ప్రతి వ్యాసాన్నీ ఒక్క వర్గంలోనే ఎందుకు పెడుతున్నారు? ఎన్నిట్లోనైనా పెట్టొచ్చు కదా."

"ఒక పుస్తకం రెండు అరల్లో ఎట్లా ఉంటుందమ్మా?"

"ఇది పుస్తకం కాదు కదండీ."

"ఎన్నిట్లోనైనా పెడితే అది లైబ్రరీ కాదమ్మా, సంత."

ఆవిడ పెద్దవాళ్ళతో వాదించే మనిషి కాదు. ఊరుకుంది. నేను గెలిచాననుకున్నాను. ఒక పుస్తకానికి ఒక నంబరు, ఒక నంబరుకి ఒక చోటు. పాతికేళ్ళు చేతికి పట్టిన అలవాటది, ఇంటర్నెట్ వచ్చిందని వదలదు. మీలో ఎవరికైనా ఇలాంటి అలవాటు ఒకటి మొదలవుతుంటే గమనించుకోండి. అది మంచి పనివాడి లక్షణం లాగే కనిపిస్తుంది.

ఆ సర్దుడులోనే ఒక చిన్న వ్యాసం తగిలింది. చీరాల వాడైన ఒక అనువాదకుడి గురించి. నేతపని కుటుంబంలో పుట్టాడని, చదువుకుని మాస్కో వెళ్ళి పదిహేనేళ్ళకు పైగా అక్కడే ఉండి రష్యన్ నుంచి నేరుగా తెలుగులోకి చాలా పుస్తకాలు చేశాడని, అక్కడి అచ్చుపని ఆగిపోయాక తిరిగొచ్చాడని నాలుగు పేరాలు. రాసింది లెక్చరరే. దాన్ని రెండు వర్గాల్లో పెట్టింది: "రష్యన్ సాహిత్యం", "తెలుగు రచయితలు". నేను ఆలోచించాను. చీరాలలో పుట్టినాయన రష్యన్ ఎట్లా అవుతాడు? అక్కణ్ణుంచి తీశాను. సొంతంగా ఒక్క పుస్తకమూ రాయనాయన తెలుగు రచయిత ఎట్లా అవుతాడు? అక్కణ్ణుంచీ తీశాను. ఎక్కడ పెట్టాలో తరవాత చూద్దామనుకున్నాను. ప్రతి లైబ్రరీలోనూ బల్ల కింద ఇట్లా "తరవాత చూద్దాం" పుస్తకాల దొంతర ఒకటి ఉంటుంది. దుమ్ము దులిపేటప్పుడు తప్ప దాన్నెవరూ చూడరు.

ఇంటర్నెట్‌లో బల్ల కింద కూడా చూసేవాళ్ళుంటారని నాకు తెలియదు. ఏ వర్గంలోనూ లేని పేజీలన్నీ ఒక జాబితాలో తేలతాయట. మారుపేరుతో రాసే ఒకాయన ఆ జాబితా పట్టుకుని శుభ్రం చేస్తుంటాడట. ఆయన అనువాదకుడి పేజీ నెత్తిన ఒక నోటీసు పెట్టాడు: ఈ వ్యక్తి ఫలానా పుస్తకాలు అనువదించాడనడానికి ఆధారాలు లేవు, వచ్చే ఆదివారంలోగా చూపకపోతే పేజీ తొలగించబడును. తప్పు పట్టడానికేమీ లేదు. ఆయన స్థానంలో ఉంటే నేనూ అదే చేసేవాణ్ణి, ఇంకా చక్కటి భాషలో.

లెక్చరరు ఫోన్ చేసింది. ఆవిడ గొంతులో కోపం లేదు, అదే ఇబ్బందిగా ఉంది.

"సార్, ఆ చీరాల పెద్దాయనకి ఆ పేజీ ప్రింటు తీసి ఇచ్చానండీ పోయిన నెల. వాళ్ళ వీధిలో అందరికీ చూపించుకుంటున్నారు."

"చూపించుకోవడానికేముందమ్మా అందులో, నాలుగు పేరాలే కదా?"

"వాళ్ళ వీధిలో ఎవరూ నమ్మరటండీ. మాస్కోలో బట్టల మిల్లులో పనిచేసి వచ్చాడనుకుంటారట. ఆయన పేరున్న కాగితం ఇదొక్కటే. ఇప్పుడెవరో పిల్లాడు నెట్లో చూసి, తాతగారూ మీది తీసేస్తున్నారటగా అని చెప్పాట్ట."

"ఆయన దగ్గర పుస్తకాలుంటాయి కదా. పేరుంటుందిగా వాటి మీద."

"అడిగినవాళ్ళకల్లా ఇచ్చేశారటండీ. ఒక్కటీ తిరిగి రాలేదు. నేనూ గుంటూరంతా అడిగాను. ఇక మీ దగ్గరే ఉన్నాయి."

మా దగ్గరుంటాయని ధీమాగా చెప్పి ఫోన్ పెట్టేసి, పుస్తకాల నమోదు రిజిస్టరు తెరిచాను. రచయిత పేరుకి ఒక గడి, పుస్తకం పేరుకి ఒక గడి, పేజీలకి, అచ్చువేసిన ఊరికి, చివరికి అట్ట రకానికి కూడా ఒక గడి ఉంది. అనువదించినవాడికి గడి లేదు. గడి లేని మనిషి గురించి ప్రభుత్వం నన్ను అడగలేదు, నేను రాయలేదు. పుస్తకాలే తీసి చూద్దామని అర దగ్గరికి వెళ్ళాను. పేరు పేజీ తిప్పాను. అక్కడ నా తేదీ చీటీ ఉంది. రెండో పుస్తకం తీశాను. ఉంది. పది తీశాను. ఒక్కటి కూడా వంకరగా అంటించలేదు.

ఆ ఒకటి రెండు చిన్న లైన్లు ఏమిటో అప్పుడు తెలిసింది.

ఆదివారం పొద్దున లైబ్రరీ తెరవగానే పని మొదలుపెట్టాం. నవలలు పన్నెండు బల్ల మీద పేర్చాను. ముందు కిటికీ దగ్గర ఎండకి పెట్టి చూశాం. ఆ కాగితం నాణ్యత గురించి ఇందాకే చెప్పాను, వెలుగు దూరలేదు. చాకుతో ఒక మూల లేపబోయాను. మైలుతుత్తం తన పని తాను చేసి ఉంది.

"తడపాల సారూ," అంది అటెండరు. "నానితే అదే ఊడుద్ది."

"దేంతో తడుపుతాం?"

"పత్తికి కరువా మన ఊళ్ళో?" అని వెళ్ళి ఎదురింటి వాళ్ళ బోరెం గోతంలోంచి ఇంత పత్తి పట్టుకొచ్చింది. టీ కొట్టు నుంచి వేడి నీళ్ళు తెచ్చింది. పత్తి ముంచి చీటీ మీద అద్దుతూ కూర్చున్నాం. కాసేపటికి మొదటి చీటీ కదిలింది. మెల్లగా లాగాను. వచ్చింది. దానితోపాటు కింది కాగితం పైపొర కూడా వచ్చింది. పుస్తకంలో మిగిలింది తెల్లటి నూగు.

"చినుగుద్దని నేను చెప్పలా?" అంది.

"ఊడుతుందని చెప్పావు."

"ఊడిందిగా మరి."

రెండోదీ అంతే. మూడోది వెనక వైపు నుంచి తడిపితే ముందు పేజీలోని నవల పేరు కూడా పోయింది. నాలుగోదానికి చీటీ కింద ఇంకో చీటీ ఉంది, మొదటిది నిండిపోయాక దాని మీదే అంటించాను. ఆ పనిలో ఉండగా లెక్చరరు వచ్చింది, మెడలో కెమెరా. ఆవిడ వెనక తెల్ల చొక్కా, పంచెతో ఒక పెద్దాయన. డెబ్భై దాటి ఉంటాయి. చేతిలో టిఫిను డబ్బా ఉన్న సంచి. చీరాల నుంచి గుంటూరు బస్సు, గుంటూరు నుంచి మా ఊరి బస్సు, తెల్లారకముందే బయలుదేరారట.

"పేరెక్కడ వేసేవాళ్ళో ఆయనకైతే గుర్తుంటుందని తీసుకొచ్చాను సార్," అంది లెక్చరరు.

ఎక్కడ వేసేవాళ్ళో అప్పటికి నాకూ తెలిసిపోయింది. జరిగింది చెప్పాను. దాచుకోవడానికి బల్ల మీద చోటు కూడా లేదు. వర్గాల్లోంచి తీసింది కూడా నేనేనని చెప్పాను. ఆయన ఆ నాలుగు పుస్తకాలనీ, తడి పత్తినీ, నన్నూ చూశారు.

"మాస్కోలో ఏడాదికి ఆరు నెలలు మంచు కింద ఉండేవాళ్ళమండీ," అన్నారు. "మీ చీటీ కింద పాతికేళ్ళున్నానన్నమాట. జిగురు మంచిదే వాడారు."

అటెండరు నవ్వింది. నాకు నవ్వాలో వద్దో తెలియక కుర్చీ వేశాను.

ఆయన కుర్చీలో కూర్చుని, ఊడిన చీటీల్లో ఒకదాన్ని అరచేతిలో పరుచుకున్నారు. పేరు కోసం వెతుకుతున్నారనుకున్నాను. కాదు, ముద్రలు చూస్తున్నారు. వేలు పెట్టి ఒక్కొక్క తేదీ కిందికి వచ్చారు.

"ఇవన్నీ ఏంటండీ?"

"పాఠకులు తిరిగివ్వాల్సిన తేదీలండీ."

"అంటే ఒక్కో ముద్రా ఒక మనిషా?"

"ఒక్కోసారి ఒకే మనిషి రెండుసార్లు..."

"రెండుసార్లా?" అన్నారు. "ఎవరండీ ఆయన?"

నాకు గుర్తు లేదు. అటెండరు పుస్తకం తిప్పి చూసింది. నవల పేరు చదివి, "ఓ ఇదా. జిన్నింగు మిల్లు గుమాస్తా," అంది. "ప్రతి ఎండాకాలం ఇదే తీసుకెళ్ళేవాడండీ. ఇంకోటి తీసుకోవయ్యా, ఎన్నిసార్లు చదువుతావ్ ఇదే అంటే, ఇందులో చలిగా ఉంటదమ్మా అనేవాడు."

పెద్దాయన చీటీని జాగ్రత్తగా మడిచారు. తరవాత లెక్చరరు వైపు తిరిగి, "ఆ చలి నాదేనమ్మా," అన్నారు. "అక్కడ వాళ్ళకి చలికి పది మాటలున్నాయి. మనకి ఒకటే. వారం రోజులు పట్టింది నాకా పేజీ."

"బాగుంది సార్, కానీ మనకి పేరు కావాలి," అంది లెక్చరరు. ఆవిడ కామర్స్ మనిషి. "సాయంత్రంలోగా ఒక్క ఫోటో పెట్టాలి. చీటీ లేని పుస్తకం ఒక్కటైనా లేదా?"

లేదన్నాను. చీటీ లేకుండా పుస్తకం బయటికి వెళ్ళనిచ్చే మనిషిని కాదన్నాను, ఇంకా కొంత గర్వంగానే.

"బయటికి ఎల్లని బీరువా ఒకటుంది కదా సారూ," అంది అటెండరు.

ఉంది. వెనక గదిలో, గోడకి ఆనుకుని, ఇనప బీరువా. తాళం చెవి నా దగ్గరే ఉంటుంది. అందులో రష్యా పిల్లల పుస్తకాలు. మంచి రంగులు, పేజీ అంత బొమ్మలు, ఎలుగుబంట్లు, నక్కలు, మంచులో బళ్ళు. మా లైబ్రరీకి వచ్చిన వాటన్నిట్లోకీ అందమైనవి అవే. అవి వచ్చిన కొత్తలో నాలుగు రోజులు బయట పెట్టాం. ఒక పిల్ల ఒక పేజీ చింపింది. నేను వెంటనే అన్నిటినీ బీరువాలో పెట్టి తాళం వేశాను. పైవాళ్ళు తనిఖీకి వచ్చినప్పుడు మాత్రం తీసి చూపించేవాణ్ణి. ప్రతి ఒక్కరూ అట్టలు చూసి, బాగా మెయింటెయిన్ చేస్తున్నావయ్యా అని రాసి వెళ్ళేవాళ్ళు. మన శాఖలో పేరు తెచ్చుకునే పద్ధతి అదొకటి ఉండేది, ఇప్పుడుందో లేదో.

తాళం కాస్త మొరాయించి తెరుచుకుంది. కలరా ఉండల వాసన. పై పుస్తకం తీసి పేరు పేజీ తిప్పాను. చీటీ లేదు. ఎవరికీ ఇవ్వని దానికి చీటీ ఎందుకు? పేజీ మధ్యలో చిన్న అక్షరాల్లో, నిన్న అచ్చయినట్టు, తెలుగు అనువాదం అని, దాని పక్కన ఆయన పేరు. ఇంటి పేరుతో సహా. ఆ కిందది తీశాను. అందులోనూ ఆయనే. మొత్తం ఏడు.

లెక్చరరు ఏడింటికీ ఫోటోలు తీసింది. మసకగా వచ్చాయని ఒకటి రెండు మళ్ళీ తీసింది. అటెండరు, "నన్ను కూడా ఒకటి తియ్యమ్మా, ఆధారం చూపించింది నేనే," అని బీరువా పక్కన నిలబడింది. ఫోటోలు ఎక్కించడానికి లెక్చరరు నెట్ సెంటరుకి పరుగు తీసింది.

ఆ తరవాత జరిగింది ఇక్కడే చెప్పేస్తాను. ఆ సాయంత్రానికి నోటీసు తీసేశారు. మారుపేరాయన క్షమాపణ కూడా చెప్పాడు, నేను చెప్పాల్సింది ఆయన చెప్పాడు. మర్నాడు మధ్యాహ్నం నేను వెళ్ళి "అనువాదకులు" అని కొత్త వర్గం ఒకటి తెరిచి అందులో ఆయన్ని పెట్టాను. అక్కడ ఆగకుండా రష్యన్ సాహిత్యంలోనూ, తెలుగు రచయితల్లోనూ, చీరాల ప్రముఖుల్లోనూ పెట్టాను. నాలుగు అరల్లో ఒక పుస్తకం. చెయ్యి అడ్డం తిరిగింది గానీ పెట్టాను. ఆ వర్గంలో ఆయన చాలా నెలలు ఒక్కరే ఉన్నారు. తరవాత ఎవరెవరో వచ్చి చేరారు. బల్ల కింద దొంతరలో ఎంతమంది ఉన్నారో అప్పుడు తెలిసింది. రిజిస్టరులో కూడా మార్జిన్లో పెన్సిలుతో అనువాదకుల పేర్లు రాయడం మొదలుపెట్టాను. ఆ గడి కావాలని పైకి ఉత్తరం రాస్తే, నమూనా మార్చడానికి వీలు లేదని జవాబు వచ్చింది. నిరుడు ఒక శాఖకి వెళితే కంప్యూటర్లో ఆ గడి ఉంది, ఖాళీగా. మీరు నింపుతారని రాస్తున్నాను.

నేను చెప్పాల్సింది మాత్రం ఆ ఆదివారమే, లెక్చరరు నెట్ సెంటరులో ఉన్న గంట గురించి.

పెద్దాయన పిల్లల పుస్తకం ఒకటి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. ఊడిన చీటీ జేబులో పెట్టుకున్నారు, ఉంచుకోవచ్చా అని ముందే అడిగారు. అది ప్రభుత్వ ఆస్తి, అయినా నేను వద్దనలేదు. మంచి పనే చేశానని అప్పటికి నాకు కొంచెం అనిపించసాగింది. తప్పు జరిగిన మాట నిజమే, కానీ చివరికి ఆయన్ని నిలబెట్టింది నా తాళమే కదా. ఆ మాట ఆయన నోట వినాలనే ఆశతో పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

ఆయన మెల్లగా పేజీలు తిప్పారు. ఒక్కో పేజీ విడిపోతుంటే కొత్త నోట్ల కట్ట చప్పుడు. ఒకచోట రెండు పేజీల అంచు కొయ్యకుండా అతుక్కునే ఉంది. అచ్చాఫీసు నుంచి అట్లాగే వచ్చింది. అక్కడ ఆగారు.

"ఇది ఎవరూ తెరవలేదండీ," అన్నారు.

"లేదండీ. అందుకే ఇంత కొత్తగా ఉంది."

"ఎందుకని?"

"పిల్లలండీ," అన్నాను. "ఇస్తే చింపేస్తారు."

ఆయన పుస్తకం మూసి నా చేతికిచ్చారు.

"చింపనివ్వాల్సింది," అన్నారు.